పెట్రోలు పల్చన చెయ్యమంటే

వ్యోమింగ్ నుంచి వచ్చి వారం దాటినా నా బూట్లలో పెట్రోలు వాసన ఇంకా పోలేదు. కుడి మోచేతి మీద కమిలిన మచ్చ అలాగే ఉంది. ఆఫీసులో అందరూ స్కీయింగ్‌కి వెళ్లావా అని అడుగుతున్నారు. కాదు, కార్బ్యురేటర్ ట్యూనింగ్‌కి వెళ్లానని చెబితే నా మొహంలోకి ఒకసారి చూసి, కాఫీ కప్పు పట్టుకుని మెల్లగా జారుకుంటున్నారు. నాకేమో చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. అందుకే జారుకోవడానికి వీల్లేకుండా ఇలా రాస్తున్నాను.

శాన్ రామన్‌లో పందెం

మా బావ మహేందర్‌ది వరంగల్. శాంటా క్లారాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా అక్క లలిత పళ్ల డాక్టరు. మాది తెనాలి. పెళ్లయ్యాక ఇద్దరూ శాన్ రామన్‌లో స్థిరపడ్డారు. నేను వాళ్లకి రెండు వీధుల అవతల ఉంటాను కాబట్టి ఆ ఇంట్లో ఏ తగవు వచ్చినా తీర్పు నాదే.

రెండేళ్ల కిందట బావ ఒక పాత స్నోమొబైల్ కొనుక్కొచ్చాడు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. మోటార్ సైకిల్‌కి ముందు చక్రం తీసేసి రెండు స్కీలు, వెనక చక్రం తీసేసి వెడల్పాటి రబ్బరు పట్టా బిగించినట్టు ఉంటుంది. మంచు మీద తప్ప ఎక్కడా నడవదు. శాన్ రామన్‌లో మంచు పడదు. ఆ బండి గ్యారేజీలో పడుకుంటే అక్క కారు ఎండలో నిలబడుతోంది. అక్కకి ఒళ్లు మండిందంటే మండదా మరి!

కొత్త స్నోమొబైళ్లలో కంప్యూటరే అన్నీ చూసుకుంటుంది. బావ కొన్నది అది పుట్టక ముందుది. రెండు సిలిండర్లు, ఒకే ఒక్క కార్బ్యురేటర్, తాడు లాగి స్టార్ట్ చేయడం. కాలేజీ రోజుల్లో బావ హన్మకొండలో ఒక మెకానిక్ షెడ్డు ముందు గంటలు గంటలు కూర్చుని స్కూటర్ ఇంజన్ల చప్పుడు వినేవాడట. రోజంతా కంప్యూటర్ ముందు చేసే పని చేతికి తగలదు, చెవికి వినపడదు, అందుకే ఇలాంటిది ఒకటి కావాలనిపించింది అంటాడు. శని, ఆదివారాలు విప్పడం, తుడవడం, బిగించడం. దాన్ని నడపగా మాత్రం మేమెవరమూ చూడలేదు.

ఇంకో సంగతి. మనవాళ్లు ఏ బండిని చూసినా మొదట అడిగేది మైలేజ్. లీటరుకి ఎంత ఇస్తుంది అని అడిగాకే రంగు సంగతీ, రేటు సంగతీ. అక్క తన కారు కొనేటప్పుడు షోరూమ్ వాడి ప్రాణం తోడేసింది. అదే అక్క ఈ స్నోమొబైల్ మైలేజ్ ఎంత అని రెండేళ్లలో ఒక్కసారీ అడగలేదు. దాన్ని ఇంటి బండిగా లెక్క వేయలేదన్నమాట.

ఈ ఫిబ్రవరిలో వ్యోమింగ్‌లో ఒక చిన్న ఊళ్లో పాత స్నోమొబైళ్లవాళ్లంతా కలుస్తున్నారని బావకి తెలిసింది. పొద్దున్నే బయల్దేరి ఊరి పైనున్న కనుమ దాకా ఎక్కి దిగడం, అంతే కార్యక్రమం. బావ వెళ్తానన్నాడు. అక్క సరేనని, ఒక షరతు పెట్టింది.

"ఆ కనుమ మీదికి నీ బండి ఎక్కితే నువ్వే ఉంచుకో. నా కారు ఎండలోనే ఉంటుంది, ఇంక నోరెత్తను. ఎక్కకపోతే అక్కడే ఎవరికో అమ్మేసి ఖాళీ ట్రైలర్‌తో ఇంటికి రావాలి. చిన్నీ సాక్షి."

చిన్నీ అంటే నేనే. ఇద్దరూ చేతిలో చెయ్యి వేసుకున్నారు. బావ నవ్వాడు గానీ, ఆ రాత్రంతా నిద్రపోలేదని అక్కే చెప్పింది.

డానర్ దగ్గర నల్లపొగ

పికప్ ట్రక్కు, వెనక ట్రైలర్, ట్రైలర్ మీద టార్పాలిన్ కప్పిన బండి. శాక్రమెంటో దాటగానే బావ క్లాసు మొదలుపెట్టాడు. నేను ముందు సీట్లో ఉన్నాను కాబట్టి తప్పించుకునే దారి లేదు. అక్క వెనక సీట్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకుంది. ఆ ఇయర్‌ఫోన్ల సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

క్లాసు సారాంశం ఇది. ఇంజన్‌కి గాలి, పెట్రోలు ఒక పాళ్లలో కలిసి అందాలి. కొండెక్కేకొద్దీ గాలి పల్చబడుతుంది. కార్బ్యురేటర్‌కి ఆ విషయం తెలియదు, కింద ఉన్నప్పుడు ఎంత పెట్రోలు పోసేదో పైన కూడా అంతే పోస్తుంది. దాంతో ఇంజన్‌కి మింగుడు పడదు. అందుకని పెట్రోలు తగ్గించాలి. తగ్గించడానికి కార్బ్యురేటర్ అడుగున జెట్ అనే చిన్న ఇత్తడి మేకు లాంటిది ఉంటుంది. నడుమ సన్నటి చిల్లు, ఒంటి మీద నంబరు. నంబరు తగ్గితే చిల్లు చిన్నది, పెట్రోలు తక్కువ. ఎత్తును బట్టి దాన్ని విప్పి ఇంకోటి బిగించాలి. బావ రకరకాల జెట్లను ఖాళీ జీలకర్ర సీసాలో వేసుకుని తెచ్చాడు. ఒకటి వాసన చూశాను, నిజంగానే జీలకర్ర వాసన వచ్చింది.

రెండో పాఠం ఆయిల్ గురించి. ఇది టూ స్ట్రోక్ ఇంజన్. ఆయిల్‌కి వేరే చోటు ఉండదు, పెట్రోల్లోనే కలిపి పోయాలి. ఆ ఆయిల్ తగ్గితే లోపల పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. పట్టేసిందంటే ఇంజన్ పోయినట్టే.

"జెట్ తప్పయితే బండి సతాయిస్తది. ఆయిల్ తప్పయితే బండి సస్తది," అన్నాడు బావ. నేను నిద్రమత్తులో తల ఊపాను.

డానర్ కనుమ దగ్గర మంచులో బండిని దింపి మొదటిసారి స్టార్ట్ చేశాడు. శాన్ రామన్ గ్యారేజీలో బిగించిన జెట్టే ఉంది, రెండు వందల నలభై. తాడు లాగి లాగి బావ భుజం పడిపోయింది. చివరికి అంటుకుని, గుడగుడమని నాలుగు దగ్గులు దగ్గి, నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. అవతల స్లెడ్జి బల్ల మీద జారుతున్న పిల్లల్ని వాళ్లమ్మ చప్పున దూరంగా తీసుకుపోయింది. అక్క ఇయర్‌ఫోన్లు తీసి, ట్రక్కు అద్దం దించి, ఎవరైనా కొనేవాళ్లు ఇక్కడే ఉన్నారేమో కనుక్కోమంది.

బావ ఏమీ అనుకోలేదు. స్పార్క్ ప్లగ్ విప్పి నా అరచేతిలో పెట్టాడు. తడితడిగా, కాటుక పూసినట్టు ఉంది. చిన్న జెట్టు బిగించి మళ్లీ తాడు లాగాడు. ఈసారి బండి అక్కడికక్కడే రెండడుగులు ముందుకి దూకింది. నేను ఉత్సాహం పట్టలేక చప్పట్లు కొట్టేశాను. సాక్షి చప్పట్లు కొట్టకూడదని అక్క మందలించింది.

ఎల్కోలో బాస్క్ భోజనం

నెవాడా ఎడారి దాటుతూ ఎల్కోలో ఆగాం. గొర్రెలు కాయడానికి స్పెయిన్ కొండల నుంచి వచ్చిన బాస్క్ వాళ్లు ఒకప్పుడు ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్ల హోటల్లో పొడుగాటి బల్లల మీద ముక్కూ మొహం తెలియనివాళ్లంతా పక్కపక్కన కూర్చుని తింటారు. పెద్ద గిన్నెలో సూప్, తర్వాత చిక్కుడు గింజలు, బ్రెడ్డు, వెల్లుల్లి వేసిన నూడుల్సు, చివరికి మాంసం. మన పెళ్లి పంక్తిలో వడ్డించేవాడు మన దగ్గరికి వస్తాడు, ఇంకొంచెం అని బలవంతం చేస్తాడు. ఇక్కడ గిన్నే చేతులు మారుతూ వస్తుంది. ఎవరూ బలవంతం చేయరు. తీసుకుని పక్కకి అందించడమే.

నా పక్కన కూర్చున్న పెద్దాయన వాళ్ల తాత గొర్రెలతో ఈ కొండల్లో తిరిగేవాడని చెప్పాడు. మేమెక్కడికి వెళ్తున్నామని అడిగి, పాత బండి అని విని, ఆ ఎత్తులో తన ట్రాక్టర్ కూడా మొరాయించేదన్నాడు. బావ లేచి వెళ్లి ఆయన పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ జెట్లు, గాలి అంటూ మాట్లాడుకుంటుంటే గిన్నెలు వాళ్ల దగ్గరే ఆగిపోయాయి. బల్ల చివర ఉన్నవాళ్లు సూప్ కోసం మెడలు చాపారు. అక్కే లేచి గిన్నె అవతలికి చేర్చింది.

సాల్ట్ లేక్‌లో అడిగిన ప్రశ్న

సాల్ట్ లేక్ సిటీలో దోసెలు దొరికాయి. మసాలా దోసె పదమూడు డాలర్లు, సాంబారు గిన్నెడు ఉచితం. బావ వాళ్లమ్మ నేర్పిన సర్వపిండి, అదే వరంగల్ బియ్యప్పిండి రొట్టె, ఇంట్లో చేసి తెచ్చాడు గానీ, అది చలికి కొరకలేనంత గట్టిపడింది. పళ్ల డాక్టరు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

తిని బయటికొచ్చేసరికి ట్రైలర్ చుట్టూ మన కుర్రాళ్లు నలుగురు మూగారు. ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నారట. టార్పాలిన్ ఎత్తి చూస్తూ, ఫొటోలు తీసుకుంటూ, ఒకతను బావని అడగనే అడిగాడు.

"అన్నా, మైలేజ్ ఎంత ఇస్తది?"

బావ మొహం వెలిగిపోయింది. రెండేళ్లుగా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. గ్యాలన్‌కి ఎన్ని మైళ్లో, మంచు మెత్తగా ఉంటే ఎంత పడిపోతుందో, ఎత్తుకి వెళ్తే ఎంతో వివరించి చెప్పాడు. మొత్తం మీద చాలా దరిద్రమైన మైలేజ్. ఆ అబ్బాయి మాత్రం మర్యాదగా, ఓల్డ్ బండి కదా అన్నా, పర్లేదు అన్నాడు. అక్క ఫోన్ చూసుకుంటూ ట్రక్కెక్కి కూర్చుంది.

ఉడకని పప్పు

వ్యోమింగ్‌లో మేం దిగిన ఊరు బాగా ఎత్తులో ఉంది. మోటెల్ మెట్లు ఎక్కేసరికి ముగ్గురికీ ఆయాసం. అక్క ఇంటి నుంచి తెచ్చిన ఎలక్ట్రిక్ కుక్కర్లో కందిపప్పు పడేసింది. ఎంతసేపైనా పప్పు మెత్తబడలేదు. ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, పప్పు ఉడకదు. బావకి ఇంతకన్నా సంబరం ఏముంటుంది? పప్పుకి కూడా ట్యూనింగ్ కావాలని ఊరంతా వినపడేలా నవ్వాడు. ఆ పూట ఎదురుగా ఉన్న హోటల్లో గుడ్లు, బంగాళాదుంపలు తిన్నాం. కాఫీ తాగుతూ అక్క కప్పులోకి చూసి, పల్చన అంటే ఇది, కప్పు అడుగు కనిపిస్తోంది అంది.

మోటెల్ వెనక ఒక పెద్ద షెడ్డు ఉంది. అక్కడికి చేరినవాళ్లంతా నెత్తిన ఉన్ని టోపీలు, చేతుల్లో స్పానర్లు. వాళ్ల నాయకురాలు మార్లీన్. డెబ్బై ఏళ్లు ఉంటాయి. స్కూలు బస్సు నడిపి రిటైరైంది. ఆ కనుమ ఆమె ఎక్కినన్నిసార్లు జింకలు కూడా ఎక్కలేదని ఆమే చెప్పుకుంది. గొప్పలు చెప్పడంలో ఆమెకి సాటి లేరు, వినడానికి మాత్రం సరదాగా ఉంటుంది.

వాళ్ల ఆచారం ఒకటి నాకు భలే నచ్చింది. బండి కాసేపు నడిపి, ఆపి, ప్లగ్ విప్పి, చేతులు మారుస్తూ అందరూ దాని రంగు చూస్తారు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా పాలిపోతే పెట్రోలు తక్కువ, ఇంజన్‌కి ప్రమాదం. గోధుమ రంగు వస్తే సరిగ్గా కుదిరినట్టు. మా బావ ప్లగ్ వంతు వచ్చింది. ఒకరు బాగుందన్నారు, ఒకరు ఇంకా నలుపే అన్నారు. అది చేతులు మారి మారి అక్క దగ్గరికొచ్చింది. అక్క దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. రోజూ పళ్ల రంగులు సరిపోల్చే మనిషి కదా.

"డికాక్షన్ ఒక చెంచా ఎక్కువైంది," అంది తెలుగులోనే.

నేను ఇంగ్లీషులో చెప్పాను. మార్లీన్ ప్లగ్ తీసుకుని మళ్లీ చూసి, ఈమె చెప్పిందే నిజమంది. ఆ తర్వాత షెడ్డులో ఎవరి ప్లగ్ వచ్చినా ముందు అక్క దగ్గరికే పంపించారు. అక్క పైకి విసుక్కుంటూనే ఒక్కటీ వదలకుండా చూసింది.

అప్పటికి బావ బండిలో రెండు వందల పది జెట్ ఉంది. ఇంకో మెట్టు దించి రెండు వందలు బిగించాలని ఆయన ఆలోచన. మార్లీన్ వద్దంది. పొద్దున చలికి గాలి చిక్కగా ఉంటుంది, ఒక సైజు లావుగానే ఉండనీ, సన్నం చేసి ఇంజన్ కాల్చుకునేకన్నా అది నయం అంది. బావ ఎటూ తేల్చుకోలేకపోయాడు.

పొద్దున జరిగింది

కనుమకి బయల్దేరే రోజు పొద్దున బావ షెడ్డులో బండ్లవాళ్ల మీటింగుకి పరుగెత్తుతూ అక్కకి ఒక పని చెప్పాడు. నేను అప్పుడు బూట్లు తొడుక్కుంటున్నాను, చెవిన పడింది.

"లలితా, పైకి పోతున్నం గద, పెట్రోలు జర పల్చన చెయ్యాలె, చూద్దాం. నువ్వు మాత్రం క్యాన్‌ల ఆయిల్ కలిపి పెట్టు."

బావకి ఇవి రెండు వేరువేరు మాటలు. పల్చన చేయడం అంటే జెట్ మార్చడం, అది తన పని. ఆయిల్ కలపడం అక్క పని. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాఠం తప్పించుకున్న అక్కకి అది ఒకటే మాటగా వినపడింది. చిక్కగా ఉన్నదాన్ని పల్చన చేయాలి. పెట్రోలు నీళ్లలా ఉంటుంది, దాన్ని చిక్కన చేసేది ఆయిల్. కాబట్టి ఆయిల్ తగ్గించాలి. మజ్జిగ కలిపేవాళ్లు ఎవరైనా అలాగే అనుకుంటారు.

బావ తిరిగొచ్చి, మార్లీన్ మాటే విందామని జెట్ ముట్టుకోలేదు. క్యాన్ ఎత్తి ట్యాంకులో పోశాడు, తాడు లాగాడు, గుంపుతో పాటు వెళ్లిపోయాడు. పాత బండ్లన్నీ ఒకేసారి కదిలితే ఆ చప్పుడుకి నా ఒళ్లు పులకరించింది. నేను అక్కను ఎక్కించుకుని అద్దెకి తీసుకున్న కొత్త స్నోమొబైల్ మీద వెనకాల వెళ్లాలని అనుకున్నాం. దాని ఒక్క రోజు అద్దెతో శాన్ రామన్‌లో నెల కూరగాయలు వస్తాయి.

అక్క సామాన్లు సర్దుతూ ఆయిల్ సీసా పైకెత్తి చూపించింది.

"సగం మిగిల్చాను. పల్చన చెయ్యమన్నాడుగా, అంత పట్టలేదు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. డానర్ దారిలో విన్నదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆయిల్ తప్పయితే బండి చస్తుంది. అక్కకి ఎలా చెప్పానో తెలియదు, ఆమె మొహం పాలిపోయింది. ఫోన్ చేద్దామంటే కొండ మీద సిగ్నల్ ఉండదు.

ఆయిల్ సీసా, మిగిలిన సరంజామా అక్క కోటు జేబుల్లో కుక్కుకుంది. నేను బండెక్కి బొటనవేలితో వేగం పెంచే మీట నొక్కాను. అది జింకలా దూకింది. మొదటి మలుపులోనే ఇద్దరం మంచులో బోర్లా పడ్డాం. నా మోచేతి మచ్చ అప్పటిదే. లేచి, నోట్లోంచి మంచు ఉమ్మేసి, మళ్లీ ఎక్కాం. దేవదారు చెట్ల మధ్య సన్నటి దారి, రెండువైపులా మనిషెత్తు మంచు. దారంతా అక్క నా నడుం ఊపిరాడనంత గట్టిగా పట్టుకుంది.

సగం కొండ మీద

నిటారుగా ఉన్న మలుపు దగ్గర బావ కనిపించాడు. బండి ఆగిపోయి ఉంది. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని బండి మీదే కూర్చున్నాడు. గుంపంతా ముందుకి వెళ్లిపోయింది.

"ఇగ గంతే చిన్నీ. ఇంత ఎత్తుల దీనికి ఊపిరాడుతలేదు," అన్నాడు. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. రెండేళ్ల శనివారాలు ఆ మంచులో అలా కూలబడి ఉన్నాయి.

అక్క దిగి ఎదురుగా నిలబడి, ఆయిల్ సగమే పోశానని చెప్పేసింది. బావ కోప్పడతాడనుకున్నాను. ఆయన లేచి, తాడు పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా లాగాడు. లోపల ఏమైనా గీసుకుంటోందా అని చెవి పెట్టి విన్నాడు. తర్వాత ప్లగ్ విప్పాడు. బొగ్గులా ఉంది.

ఆ నల్లటి ప్లగ్ చూసి బావ పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. మాకు మతిపోయింది. తర్వాత చెప్పాడు. జెట్ ఒక సైజు పెద్దది కాబట్టి ఇంజన్‌లోకి పెట్రోలు ఎక్కువ వెళ్లింది. పెట్రోలు ఎక్కువ వెళ్లింది కాబట్టి అందులో ఉన్న కాస్త ఆయిలూ ఎక్కువ వెళ్లింది. పొద్దునే చిన్న జెట్ బిగించి ఉంటే ఈ పాటికి పిస్టన్ పట్టేసేది. ఎక్కలేకపోవడమే దాన్ని బతికించింది.

"నిన్ను ఓడించాలనే వచ్చాను," అంది అక్క. "కానీ నా చేత్తో చంపి కాదు." కళ్లనీళ్లు తుడుచుకుంటే గ్లవ్స్ మీద గడ్డకట్టాయి.

జేబులోంచి సీసా తీసి లెక్క ప్రకారం మిగతా ఆయిల్ ట్యాంకులో పోశాం. కలవడానికి ముగ్గురం తలోవైపు పట్టుకుని బండిని ఊయల ఊపినట్టు ఊపాం. ఇక జెట్ మార్చాలి. జీలకర్ర సీసా తీసి బావ గ్లవ్స్ విప్పాడు. ఆ జెట్ ఉండేది కార్బ్యురేటర్ అడుగున, కంటికి కనపడదు, గొట్టాల మధ్య వేలు దూర్చి తడుముకోవాలి. గ్యారేజీలో అయితే కార్బ్యురేటర్ మొత్తం బయటికి తీసేవాడు. ఇక్కడ చల్లటి పెట్రోలు తగలగానే వేళ్లు కొయ్యబారిపోయాయి. స్క్రూడ్రైవర్ జారి మంచులో పడింది.

"జరుగు," అంది అక్క.

గ్లవ్స్ పళ్లతో లాగి పడేసి మంచులో మోకాళ్ల మీద కూర్చుంది. అద్దంలో కూడా సరిగ్గా కనపడని దవడ చివరి పళ్లతో రోజూ పని చేసే చెయ్యి అది. ఎటో చూస్తూ, వేళ్లతోనే వెతుక్కుంటూ, అడుగు మర తిప్పింది. రెండు వందల పది చేతిలోకి వచ్చింది. రెండు వందలు ఇవ్వమని చెయ్యి చాపింది, పక్కన నర్సుని అడిగినట్టు. నేను ఇచ్చాను. చెయ్యి ఎర్రగా కందిపోయింది. బిగించి, అరచేతిని నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంది. బావ ఆ చేతుల్ని తన కోటులోకి లాక్కుని పట్టుకున్నాడు. నేను కొండల వైపు తిరిగి నిలబడ్డాను.

పైకి

మేము ఎంతకీ రావడం లేదని మార్లీన్ వెనక్కి వెతుక్కుంటూ వచ్చింది. బావ తాడు లాగాడు. ఇంజన్ చప్పుడు మారిపోయింది. గుడగుడ లేదు, తెరిపిగా, తీరుగా ఉంది. బావ ఎక్కి కదిలాడు. మలుపు సగం దాకా వెళ్లి పట్టా మంచులో తిరుగుతూ దిగబడిపోయింది. వెనక్కి దింపి మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అంతే.

మార్లీన్ బావని ఎగాదిగా చూసి, ఇంజన్ బాగానే ఉంది, నువ్వే బరువు, తేలికైనవాళ్లని ఎక్కించు అంది. ఆ మాట ఆమె చాలా మామూలుగా అనేసింది. బావ అక్కడే నిలబడి బండిని చూశాడు. ఆ కనుమ మీదికి తను నడుపుకుంటూ వెళ్లాలని ఎన్నాళ్ల నుంచి అనుకున్నాడో నాకు తెలుసు. షరతు ప్రకారం అయితే ఎక్కాల్సింది బండి. ఎవరు నడపాలో షరతులో లేదు.

"లలితా, నువ్వు తోలు," అన్నాడు.

ఎక్కడ నొక్కాలో, ఎక్కడ ముందుకి వంగాలో రెండు మాటల్లో చెప్పాడు. అక్క కూర్చుంది. నేను బావని వెనక ఎక్కించుకుని పక్కన ఆగాను. అక్క మీట నొక్కింది. బండి మంచుని వెనక్కి చిమ్ముతూ మలుపు ఎక్కింది, ఆగలేదు, తర్వాతి మలుపూ ఎక్కింది. నా వెనక బావ ఇంజన్ చప్పుడు వింటూ, మంచిగున్నది, మంచిగున్నది అని తనలో తను చెప్పుకుంటూనే ఉన్నాడు. నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు, గొంతు మాత్రం రెండు రోజులు పోయింది.

కనుమ మీద చెట్లు లేవు. నాలుగు వైపులా తెల్లటి కొండలు, నీలం ఆకాశం, పాత బండ్ల చుట్టూ కూర్చుని శాండ్‌విచ్‌లు తింటున్న మనుషులు. అక్క ఇంజన్ ఆపగానే అందరూ టోపీలు ఊపారు. మార్లీన్ అప్పటికప్పుడు ప్లగ్ విప్పించి అక్క చేతిలోనే పెట్టింది. అక్క ఎండలోకి తిప్పి చూసింది. తెనాలి కాఫీ రంగు. ప్లగ్ గుంపులో తిరుగుతుంటే ఒకాయన ఈ బండి ఎవరిదని అడిగాడు. బావ నోరు తెరిచేలోపే అక్క నాదేనని చెప్పింది.

బావ నా వైపు చూశాడు. సాక్షిని కదా. అక్కకి షరతు గుర్తు చేశాను. ఎక్కితే బావ ఉంచుకోవచ్చు అన్నావు అన్నాను.

"ఎక్కలేకపోయింది ఆయన. జెట్ మార్చింది నేను, ఎక్కించింది నేను," అంది అక్క. "బండి ఇంటికొస్తుంది. కానీ నాది."

"మరి నేను?" అన్నాడు బావ.

"వెనక కూర్చో. దింపుతాను."

బావ బుద్ధిగా వెనక ఎక్కి కూర్చున్నాడు. అక్క హెల్మెట్ పట్టీ బిగించుకుంది, తాడు మీద చెయ్యి వేసింది. లాగబోతూ ఆగి, వెనక్కి తిరిగింది.

"అవునూ, ఇది మైలేజ్ ఎంతిస్తుంది?"

సాల్ట్ లేక్‌లో అంత గడగడా చెప్పిన బావ ఇప్పుడు గ్యాలన్ దగ్గర నుంచి మెల్లగా మొదలుపెట్టాడు. మెత్తటి మంచులో ఎంతో, ఎత్తులో ఎంతో ఆయన చెప్పి ముగించేదాకా అక్క తాడు పట్టుకుని ఆగింది.